ముందు ఊరు, తర్వాత పేరు

‘గండు’ అంటే తెలుగులో మగది. గండుపిల్లి, గండుకోయిల, గండుతుమ్మెద. ఆ లెక్కన చెట్టు మొదట్లో పుట్ట పెట్టుకుని, బెల్లం ముక్క కనబడితే బారులు తీరే పెద్ద నల్లచీమ, మనం గండుచీమ అనేది, మగది కావాలి. కాదు. తిండి కోసం బయట తిరిగే ప్రతి గండుచీమా ఆడదే. ఏడు చేపల కథలో చివరికి అందరి నోరూ మూయించిన ఆ చీమ కూడా ఆడదే అయివుండాలి. మగచీమకు కుట్టే ముల్లే ఉండదు. అసలైన గండు రెక్కలతో పుడుతుంది, ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే బయట కనబడుతుంది, జత కట్టాక ఎంతోకాలం బతకదు. దాన్ని చూసినా చాలామంది చీమ అనుకోరు.

చీమల దగ్గర మనది ఎప్పుడూ ఇదే వరస. పేరు ముందు పెట్టేస్తాం, చూడటం తర్వాత. సరదాకి చీమల్ని పెంచాలనుకునేవాళ్ళు చేసే మొదటి పొరపాటూ ఇదే. దొరికిన పురుగును పట్టుకుని ‘ఇది ఏ జాతి రాణి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలో మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఇది చీమేనా? రాణేనా? గుడ్లు పెడితే కూతుళ్ళు పుడతారా? ఇవి తేలకుండా జాతి పేరు అడగటం, పెళ్ళికూతురు ఎవరో తెలియకుండా శుభలేఖ అచ్చు వేయించడం లాంటిది.

డబ్బాలో మూడు

పుప్పాలగూడ మణికొండకూ నార్సింగికీ నడుమ ఉంది. ఒకప్పుడు రాళ్ళగుట్టలు, పొలాలు. ఇప్పుడు కొన్ని గుట్టలు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. జూన్‌లో తొలివాన పడి ఆగితే, ఆ రాళ్ళ సందుల్లోంచీ రోడ్డు పక్క చెట్ల మొదళ్ళలోంచీ రెక్కల పురుగులు లేస్తాయి. అన్నీ పార్కింగ్ దీపాల చుట్టూ చేరతాయి.

అలాంటి ఒక రాత్రి మా పైఅంతస్తు కుర్రాడు, తొమ్మిదో తరగతి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. “అంకుల్, మూడు రాణులు!” వాచ్‌మన్ తొంగిచూసి నవ్వాడు. “రాణులెక్కడియి సార్, ఉసిళ్ళు గదా. వాన పడ్డంక లైట్లకాడికి వస్తయి.”

ఇద్దరూ కొంత సరే, కొంత కాదు. డబ్బాలో మూడు పురుగులు, మూడు వంశాలవి.

మొదటిది నిజంగా ఉసిలే. అంటే చెదపురుగు. చెదలకూ చీమలకూ చుట్టరికం లేదు. చెదలు బొద్దింకల వైపు బంధువులు, చీమలు కందిరీగల వైపువి. ‘చీమల పుట్ట’ అని మనం దండం పెట్టే నిలువెత్తు మట్టి కట్టడం కూడా చెదలు కట్టిందే. తేడా పట్టడం తేలిక. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి, నడుము అంటూ ఉండదు. చీమకు ముందురెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. మీసం మోచేయిలా వంగి ఉంటుంది. నడుము దారంతో బిగించి కట్టినట్టుంటుంది. రెక్కలు ఊడినంత మాత్రాన రాణి అనుకోవద్దు. ఉసిళ్ళలో ఆడా మగా రెండూ రెక్కలు రాల్చుకుని జంటగా నేలలోకి దూరతాయి. చెదపుట్టలో రాణితోపాటు రాజు కూడా ఏళ్ళ తరబడి కాపురం చేస్తాడు. చీమల పుట్టలో రాజు ఉండడు.

రెండోది చూడటానికి అసలైన మహారాణి. రెండు సెంటీమీటర్లు దాటిన ఎర్రటి గోధుమరంగు ఒళ్ళు, గొట్టంలాంటి పొడవాటి పొట్ట, పెద్ద కళ్ళు, కందిరీగేమోనని భయపెట్టే ఆకారం. కుర్రాడు దీని మీదే ఆశ పెట్టుకున్నాడు. ఇది డోరిలస్ అనే సంచారచీమల ప్రజాతిలో మగది. ఇంగ్లీషువాళ్ళు దీని పొట్ట చూసి ‘సాసేజ్ ఈగ’ అని పేరు పెట్టారు. ఆ ప్రజాతి రాణికి రెక్కలే రావు, బతుకంతా నేల కిందే గడుపుతుంది. కాబట్టి దీపం దగ్గర వాలిన డోరిలస్ ఏదైనా మగదే. మామూలు జాతుల్లో మగదాన్ని పోల్చుకోవాలంటే తల చూడాలి. మగదానికి తల చిన్నది, కళ్ళు పెద్దవి, దవడలు పల్చన. బతుకులో నమలాల్సిన పనీ తవ్వాల్సిన పనీ లేనివాడి మొహం అది.

మూడోది నల్లగా నిగనిగలాడుతోంది. రెక్కలు లేవు. డబ్బా అంచు చుట్టూ ఆగకుండా తిరుగుతోంది. దీన్ని కుర్రాడు లెక్కలో వేసుకోనే లేదు. “ఇది మామూలు గండుచీమే కదా అంకుల్, పెద్దది.”

వీపు చెప్పే సంగతి

గండుచీమల్లో కూలి చేసేవన్నీ ఒక సైజువి కావు. చిన్నవి, మధ్యరకం, పెద్దతలల బంట్లు, అన్నీ ఒకే తల్లి పిల్లలు. పెద్దతల బంటును చూసి రాణి అనుకోవడం, రాణిని చూసి బంటు అనుకోవడం రెండూ మామూలే. సైజు చూసి నిర్ణయించకూడదు. వీపు చూడాలి.

కూలిచీమ ఛాతీని పక్కనుంచి చూస్తే ఒకే సన్నటి వంపు. రాణి ఛాతీ పొట్టకు పోటీ వచ్చేంత బలిసి ఉంటుంది. పైనుంచి చూస్తే పలకలు పలకలుగా అతికినట్టు కనబడుతుంది. కారణం సులువు. ఆ ఛాతీలో ఒకప్పుడు ఎగిరే కండరాలు ఉండాలి. ఒక్క సాయంత్రం ఎగరడానికి కట్టిన ఇంజను గది అది. రెక్కలు రాల్చేసినా గది గోడలు పోవు. పక్కల్లో భూతద్దంతో చూస్తే రెక్కలు తెగిన చోట చిన్న చిన్న మొడిమలు కనిపిస్తాయి. తల మీద, రెండు పెద్ద కళ్ళకూ నడుమ, మూడు చుక్కల్లాంటి బుల్లికళ్ళు ఉంటాయి. గండుచీమ కూలీలకు ఇవి ఉండవు.

మూడో పురుగుకు అన్నీ ఉన్నాయి. కుర్రాడి మొహం వెలిగింది. “అయితే దీని పేరేంటి?”

అప్పుడే కాదు.

రెక్కలు లేని రాణి నేల మీద పరుగెడుతోందంటే, గాల్లో జత కట్టి, కిందికి దిగి, తన రెక్కలు తానే తెంపుకుని, గొయ్యి కోసం వెతుక్కుంటోందని అర్థం. చాలాసార్లు ఇది నిజమే. ఎప్పుడూ కాదు. మగతోడు దొరక్కుండానే రెక్కలు రాల్చేసే రాణులూ ఉంటాయి. జత కట్టిందా లేదా అన్నది పైకి చూసి చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం అందుకున్న శుక్రకణాల్ని రాణి పొట్టలోని ఒక బుల్లిసంచిలో దాచుకుంటుంది. మళ్ళీ జన్మలో జత కట్టదు, ఆ నిల్వతోనే ఏళ్ళ తరబడి గుడ్లు పెడుతుంది. సంచిలోంచి శుక్రకణం కలిసిన గుడ్డు ఆడది అవుతుంది, కలవని గుడ్డు మగది. అంటే జత కట్టని రాణి కూడా గుడ్లు పెడుతుంది, కానీ పుట్టేవన్నీ కొడుకులే. వాళ్ళు తిండి తేరు, తమ్ముళ్ళను పెంచరు. ఆ పుట్ట అక్కడితో సరి. రాణి పట్టాభిషేకానికి సాక్ష్యం చెప్పేది కూతుళ్ళే.

గాజుగొట్టంలో వర్షాకాలం

కూతుళ్ళ కోసం ఎదురుచూడాలంటే రాణికి చీకటి, తేమ, నిశ్శబ్దం కావాలి. ప్రపంచమంతటా చీమల పెంపకందార్లు వాడే ఏర్పాటు ఒకటే, ఒక టెస్ట్‌ట్యూబ్. అడుగున మూడోవంతు నీళ్ళు పోసి దూదితో గట్టిగా బిరడా వేయాలి. దూది తడుస్తుంది, నీళ్ళు కారవు. మిగిలిన ఖాళీలో రాణిని వదిలి, మూతి దగ్గర పొడి దూది పెట్టాలి. గొట్టానికి నల్లకాగితం చుట్టి, ఎవరూ కదపని అల్మారాలో పెట్టేయాలి. నేల కింద రాణి తవ్వుకునే చిన్న గది కూడా ఇలాంటిదే, నాలుగు వైపులా గోడ, ఒక వైపు తేమ.

తిండి పెట్టనక్కర్లేదు. ఇది వినగానే కుర్రాడి అమ్మగారికి జాలేసింది. గండుచీమ రాణి గది మూసుకున్నాక మొదటి కూతుళ్ళు వచ్చేదాకా బయటికి రాదు. ఇక అక్కర్లేని ఎగిరే కండరాలు ఒంట్లోనే కరుగుతాయి. ఆ సత్తువతోనే పిల్లల్ని సాకుతుంది. కొన్ని ప్రాచీన వంశాల రాణులు మాత్రం గది విడిచి వేటకు వెళ్ళి వస్తాయి. వాటికి చిన్న పురుగు ముక్క వేయకపోతే పస్తుతో చస్తాయి. రాణి ఏ వంశానిదో ముందుగా కొంతైనా తెలియాల్సింది ఇందుకే. దానికి నడుము చూస్తే చాలు.

ఛాతీకీ పొట్టకూ మధ్య ఒకటే కణుపు ఉందా, రెండున్నాయా? రెండుంటే మైర్మిసినే ఉపకుటుంబం అనుకోవచ్చు. మట్టిలో గింజలు పోగుచేసేవి, పెద్దతల సైనికులున్న ఫైడోలే చీమలు, పొట్ట నిలబెట్టి బెదిరించే క్రిమాటోగాస్టర్ చీమలు ఇందులోవి. ఒకటే కణుపుండి, పొట్ట చివర ముల్లుకు బదులు వెంట్రుకల కుచ్చుతో గుండ్రటి రంధ్రం ఉంటే ఫార్మిసినే. ఆమ్లం చిమ్మేది ఆ రంధ్రంలోంచే. గండుచీమ ఈ ఇంటి ఆడపడుచు. ఒకటే కణుపు, దాంతోపాటు ముల్లూ ఉంటే పోనెరినే అయ్యే అవకాశం ఎక్కువ. వేటకు వెళ్ళే రాణులు ఎక్కువగా ఈ వైపువే.

మన మూడోదానికి ఒకే కణుపు, గుండ్రటి రంధ్రం. మీసాలు మొలిచిన గుంటలు మూతిపలక అంచుకు ఆనుకోకుండా వెనక్కి జరిగి ఉన్నాయి. ఈ గుర్తు ఎక్కువగా కనిపించేది కాంపొనోటస్, పాలీరాకిస్ అనే రెండు ప్రజాతుల్లో. పాలీరాకిస్‌లలో వీపు మీదో నడుము మీదో ముళ్ళుంటాయి, దీనికి లేవు. కాబట్టి కాంపొనోటస్. ఇంతవరకు భూతద్దం చాలు. దీని తర్వాత మెట్టు ఎక్కడం కష్టం.

పుస్తకాలు కూలీలవి

ఎందుకు కష్టమో తెలియాలంటే నెల్లూరు వెళ్ళాలి. 1840లలో అక్కడ సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డన్ పక్షుల పేర్లతో మనకు పరిచయం. కలివికోడిని ఇంగ్లీషులో ఈయన పేరుతోనే పిలుస్తారు. నెల్లూరులో ఉండగా జంతువుల సంగతులు ఆయన యానాదుల దగ్గర నేర్చుకున్నాడు. దక్షిణ భారత చీమల మీద ఆయన రాసిన జాబితా 1851లో మద్రాసు పత్రికలో వచ్చింది. ఎగిరి దూకి వేటాడే హార్పెగ్నాథోస్ సాల్టేటర్‌కూ, కరెంటు తీగల తొడుగు కొరికే ట్రైకోమైర్మెక్స్ డిస్ట్రక్టర్‌కూ శాస్త్రంలో పేరు పెట్టింది ఆయనే. రెండోదాని ధ్వంసక నామం ఐటీ కారిడార్‌లో కేబుళ్ళు చూసుకునేవాళ్ళకు బాగా నచ్చుతుంది.

తర్వాత 1903లో సి.టి. బింగమ్ బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో చీమల సంపుటం రాశాడు. 2016లో వెలువడిన భారతదేశ చీమల జాబితాలో 100 ప్రజాతులు, 828 జాతులూ ఉపజాతులూ ఉన్నాయి. ఈ నూటడెబ్బై ఏళ్ళ పనిలో జాతుల్ని పోల్చే సూచికలు ఎక్కువగా కూలిచీమల మీద ఆధారపడ్డాయి. సహజమే. కూలీ ఏ రోజు వెళ్ళినా దొరుకుతుంది, రాణి ఏడాదికి ఒక్క సాయంత్రం కనబడుతుంది. తల ఎంత వెడల్పు, వెంట్రుకలు ఏ రంగు, వీపు వంపు ఎలా ఉంది, ఈ కొలతలన్నీ కూలీవి. రాణి ఛాతీ వేరే ఆకారం కాబట్టి వాటిలో చాలా కొలతలు ఆమెకు పనికిరావు.

పెద్ద నల్ల కాంపొనోటస్ అనగానే మనకు తోచే పేరు కాంపొనోటస్ కంప్రెసస్. డేనిష్ శాస్త్రవేత్త ఫబ్రీషియస్ 1787లో పెట్టిన పేరు. కానీ జెర్డన్ 1851లో పేరు పెట్టిన కాంపొనోటస్ అంగుస్టికోలిస్ కూడా పెద్దదే, దాని కూలీ తల వెనక వైపు మెడలా సన్నబడి ఉంటుంది. పొట్ట మీద బంగారు నూగు మెరిసే సెరిసియస్ ఇంకొకటి. ఒకే ప్రజాతిలో ఇంతమంది అక్కచెల్లెళ్ళున్నప్పుడు రాణిని ఒంటరిగా చూసి పేరు చెప్పేవాళ్ళను నమ్మకపోవడమే మంచిది.

పేరు రాణిని చూస్తే అర్థమై, కూతుళ్ళను చూస్తే అర్థం కాని చీమ కూడా ఒకటుంది. మామిడితోటల్లో ఆకులు కలిపి గూళ్ళు కుట్టే ఎర్రచీమ శాస్త్రనామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. స్మరాగ్దోస్ అంటే గ్రీకులో పచ్చ. మన ‘మరకతం’ ఆ మాటకు చుట్టమే. మన చెట్ల మీది కూలీలు ఎర్రగా ఉంటే ఈ పచ్చదనం ఎక్కడిది? రాణిది. ఆమె నిజంగానే పచ్చరాయిలా ఉంటుంది. ఆ చీమ లార్వాలు తమ పట్టునంతా గూడు కుట్టడానికే ఇచ్చేస్తాయి, అందుకే ప్యూపాలు పట్టుగూడు లేకుండా దిగంబరంగా ఉంటాయి.

దొరకని రాణి, పెంచకూడని రాణి

మన నేలమీద అసలు రాణే లేని చీమలూ ఉన్నాయి. డయకామా అనే ముదురు రంగు వేటచీమ తన పుట్ట ద్వారం చుట్టూ ఈకలూ పుల్లలూ పేరుస్తుంది. ఆ ఈకల మీద మంచు పట్టి, తాగే నీళ్ళు దొరుకుతాయి. ఈ ప్రజాతిలో రెక్కల రాణి పుట్టదు. ప్రతి ఆడదీ ఛాతీ మీద రెండు చిన్న మొగ్గల్లాంటి అవయవాలతో బయటికి వస్తుంది. పుట్టలో పెత్తనం చేసే ఆడది మిగతావాళ్ళ మొగ్గలు కొరికేస్తుంది. మొగ్గలు పోయినవాళ్ళు ఇక జత కట్టరు, కూలికి కుదురుకుంటారు. మొగ్గలు మిగిలిన ఒక్కతే తల్లి. ఎన్ని వానలకు ఎన్ని దీపాల కింద వెతికినా డయకామా రాణి దొరకదు.

ఇక కొన్ని దొరికినా పెంచకూడదు. చక్కెర డబ్బాలోకి దూరే పసుపురంగు ఫారో చీమ, తల నల్లగా ఒళ్ళు పాలలా ఉండే ‘దెయ్యపుచీమ’ టాపినోమా, వీటి పుట్టల్లో రాణులు చాలామంది. కాసిని కూలీలతో ఒక రాణి విడిగా నడిచి వెళ్ళినా కొత్త పుట్టే. ఇవి దూది సందులోంచి కూడా జారుకుంటాయి, తర్వాత మీ వంటిల్లే వాటి గాజుపెట్టె. ఎర్రగా మండించే సోలినాప్సిస్ జెమినేటా మన ఊరిదిలా కనిపించే పరాయిది. పుట్టినచోటు అమెరికా ఉష్ణమండలం. 16వ శతాబ్దంలో అకపుల్కో నుంచి మనీలాకు నడిచిన స్పానిష్ ఓడలు బరువు కోసం నింపుకున్న మట్టితోపాటు ఆసియాకు వచ్చిందని జన్యు పరిశోధనలు 2015లో తేల్చాయి. రెండు కణుపులు, పది ముక్కల మీసం, మీసం చివర రెండు ముక్కల గద. ఈ గుర్తులున్న ఎర్రటి రాణి దొరికితే పెంచే సరదా మానుకోండి.

చీమల్ని పుట్టినచోటు దాటించే పని ఇప్పటికీ ఆగలేదు. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు సుమారు 5,000 రాణిచీమలతో పట్టుబడ్డారు. దూది పెట్టిన టెస్ట్‌ట్యూబుల్లో వాటిని దాచారు. విదేశీ పెంపకందార్లకు అమ్మే సరుకది. కోర్టు ఒక్కొక్కరికి పది లక్షల షిల్లింగుల జరిమానా వేసింది. మనం అల్మారాలో పెట్టిన గొట్టమూ వాళ్ళ దగ్గర దొరికిన గొట్టమూ ఒకే రకం. తేడా ఎక్కడుందంటే, ఆ రాణిని దాని ఊరు దాటించామా లేదా అన్నదాంట్లో. పెంచలేకపోతే పట్టిన చోటే వదలాలి. వేరే ఊళ్ళో వదలకూడదు.

పెంచడమంటే ఎన్నాళ్ళో కూడా తెలుసుకోవాలి. యూరప్‌లో లేసియస్ నైజర్ అనే చిన్న నల్లచీమ రాణి బోనులో 28 ఏళ్ళు దాటి బతికింది. కుర్రాడితో అన్నాను, “నువ్వు ఇంజనీరింగ్ అయ్యి ఎం.ఎస్.కు అమెరికా వెళ్ళిపోయినా ఇది అల్మారాలోనే ఉండొచ్చు. మీ అమ్మను అడిగి పెట్టుకో.”

చీటీ

ఆ రాత్రి గొట్టానికి అతికించడానికి వాడు చీటీ తెచ్చాడు. పై వరసలో పేరుకు ఖాళీ వదలమన్నాను. కింద రాయించింది ఇది: ‘పుప్పాలగూడ. జూన్ రెండో వారం. రాత్రి ఎనిమిది. వాన ఆగిన గంటకు. పార్కింగ్ దీపం కింద, సిమెంటు నేల. రెక్కలు లేవు.’

మ్యూజియాల్లో చీమ నమూనా కింద గుండుసూదికి గుచ్చి ఉంచే చీటీ కూడా ఇలాగే ఉంటుంది. పేరు తప్పయితే ఎవరైనా దిద్దుతారు. ఊరూ తేదీ లేకపోతే దిద్దడానికి ఏమీ మిగలదు. జాతులు ఏ రాష్ట్రంలో ఉన్నాయి, ఏ వానకు ఎగురుతాయి అన్న జ్ఞానమంతా ఇలాంటి వరసల నుంచి పేరుకున్నదే. మనం ‘పేరూ ఊరూ’ అంటాం. కీటకశాస్త్రంలో ఊరే ముందు.

వారానికోసారి, ఎర్రకాగితం కప్పిన టార్చితో, అర నిమిషం మాత్రమే చూడాలని ఒప్పందం. మొదటి వారంలో గుడ్లు. తర్వాత లార్వాలు. ఆ తర్వాత గోధుమరంగు పట్టుగూళ్ళు. మైర్మిసినే అయితే గూళ్ళు కట్టవు కాబట్టి మనం నడుము చూసి చెప్పిన మాటకు ఇది ఇంకో సాక్ష్యం. ఆరో వారం నడుస్తుండగా ఒక సాయంత్రం వాడు మెట్లు దిగుతూనే కేకేశాడు. గూడు చించుకుని నలుగురు వచ్చారు. పాలిపోయిన రంగు, కొత్త చొక్కాలా మెత్తటి ఒళ్ళు, మామూలు గండుచీమలో సగం కూడా లేరు. ఉన్న సత్తువనంతా పంచి పెంచాలి కాబట్టి తొలికాన్పు కూతుళ్ళెప్పుడూ పొట్టివాళ్ళే.

నలుగురూ ఆడవాళ్ళే. తల్లి జత కట్టిందని తేలింది. రెండు రోజులకు ఒళ్ళు నల్లబడ్డాక భూతద్దం పెట్టి చూశాం. తల వెనక మెడలాంటి సన్నదనం లేదు. పొట్ట మీద బంగారు నూగు లేదు. కంప్రెసస్ అనడానికి అడ్డేమీ కనబడలేదు. అయినా పెద్దతల బంట్లు పుట్టేదాకా, అంటే పుట్ట ఇంకా పెరిగేదాకా, ఖాయం చేయలేం.

“ఇప్పుడు రాయనా అంకుల్, పేరు?”

“రాయి,” అన్నాను. “పెన్సిల్‌తో.”